ఇంటావిడతోనే బేరం

10 నవంబరు 2024, చిలకలూరిపేట

పసుమర్రు వైపు ఉండే అంగన్‌వాడీ టీచరు గారింటికి వెళ్ళొచ్చాను. వంటగది గోడకి కిటికీ మూల దగ్గర మొదలై స్లాబు దాకా ఏటవాలుగా బీట. వానలు వెనకబట్టి నేల ఆరడం మొదలయ్యాక కనిపించిందట. మొదట పిలిచిన మేస్త్రీ గోడ పడగొట్టి కట్టాల్సిందేనన్నాడు, లక్షన్నర అవుతుందన్నాడు. లెక్క ఎలా వేశారని అడిగితే "మీకు చెప్పినా తెలియదమ్మా, మీ వాళ్ళల్లో మగాళ్ళెవరన్నా ఉంటే పిలవండి, వాళ్ళతో మాట్లాడతా" అన్నాడట. ఆవిడ భర్త చనిపోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది. వాయిదాలు ఆవిడ జీతంలోంచే పోతున్నాయి. ఆ ఒక్క మాటతో అవన్నీ లెక్కలో లేకుండా పోయాయి.

ఒంటరిగా ఇళ్ళు నెట్టుకొస్తున్న ఆడవాళ్ళం కలిసి పెట్టుకున్న పనివాళ్ళ జాబితాలోని మేస్త్రీ గారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన గోడ చూడకముందే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. స్లాబు మీది వాననీళ్ళ గొట్టం సరిగ్గా ఆ మూలనే నేలలోకి దిగుతోంది. గిన్నెలు తోమిన నీళ్ళూ అక్కడికే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఇల్లంతా ఒకేలా ఉబ్బి ఒకేలా కుంగితే గోడకు ఇబ్బంది లేదు. ఒక మూల ఏడాది పొడుగునా తడిగా, మిగతా మూడు మూలలూ పొడిగా ఉంటేనే చిక్కు. ఈ సంగతంతా ఆయన టీచరు గారికే చెప్పారు. నేను పక్కనే ఉన్నా నా వైపు తిరగలేదు. మేం పెట్టుకున్న మొదటి నిబంధన అదే: ఇల్లు ఎవరిదో బేరం వాళ్ళతోనే, వెంట ఎవరున్నా సరే.

బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల సన్నటి గాజుముక్కలు సిమెంటుతో అంటించి, పక్కన ఇవాళ్టి తేదీ రాశారు. గాజు పగిలితే బీట ఇంకా కదులుతోందని అర్థం. ఈలోపు గొట్టం పొడిగించి నీళ్ళు కాలవలోకి మళ్ళించాలి. గోడ వెంట మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు పరచాలి. 18 వేలకు ఒప్పుకున్నారు. గోడ సంగతి ఏడాది తిరిగాక చూద్దామన్నారు.

రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున వెడల్పయ్యే పైల్ పునాదులు రూపొందించింది. నేల ఉబ్బీ కుంగీ కదిలే పొరను దాటి, మూడు మూడున్నర మీటర్ల లోతున ఆనించడం అందులో కిటుకు. మన ఊళ్ళలో మామూలు ఇంటికి అంత ఎవరూ పెట్టరు. గ్రావెల్ తోలించి, ప్లింత్ బీము వేసి సరిపెడతారు. ఆ బీము కూడా మానేసిన ఇళ్ళు ఎక్కువగా ఎవరివో ఊరంతా తిరిగి చూస్తే తెలుస్తుంది. అడిగే మనిషి లేదనుకున్న చోటే ఇనుము తగ్గుతుంది.

24 నవంబరు

గుంటూరు యార్డులో మా కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తూ బతుకుతున్నాను కాబట్టి నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ పెట్టాను. రైతు మిరపకాయలు అమ్మితే తక్‌పట్టీ ఇస్తాం. ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు), తూకమెంత, క్వింటాకు ధరెంత, కమిషనెంత, హమాలీ ఎంత, చేతికొచ్చేది ఎంత అని అందులో ఉంటుంది. ఆ కాగితం చేతిలో ఉన్న రైతుకు నెల తర్వాత వచ్చి అడిగే నోరుంటుంది. లేనివాడికి ఉండదు.

ఇంటి పనికీ అలాంటి చీటీయే పెట్టాం. పని కొలత, రేటు, సామాను ఎవరు తేవాలి, ఎప్పటికి పూర్తి చేయాలి, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, పని అయ్యాక ఎన్ని నెలల్లోపు తేడా వస్తే కూలి తీసుకోకుండా సరిచేయాలి. రెండు కాపీలు, ఇద్దరి సంతకాలు. చివరి వరస మా వాళ్ళ కోసం కాదు, పనివాళ్ళ కోసం: పని ముగిసిన సాయంత్రమే మొత్తం డబ్బు చెల్లించాలి. రేపురా ఎల్లుండిరా అని తిప్పిన ఇంటావిడ పేరు మా జాబితాలో ఉండదు. ఈ వరస చూశాకే కార్పెంటరు ఒకాయన మాతో కలవడానికి ఒప్పుకున్నారు.

పనివాడు ఒంటరి ఆడమనిషికి ఎక్కువ చెప్పేది ఆడమనిషని చులకనతో మాత్రమే కాదు. ఆమె జన్మకొక ఇల్లు కడుతుంది. మళ్ళీ పిలవదు, ఎవరికీ చెప్పదు. పని పాడైతే ఆయనకు పోయేదేమీ లేదు. పెట్టుబడి అప్పు ఇచ్చిన కొట్టుకే పంట తేవాల్సిన రైతు ఎంత ఒంటరివాడో యార్డులో రోజూ చూస్తాను. ఒక్కడుగా వచ్చినవాడికి ధర చెప్పే వీలుండదు. మేమిప్పుడు నలభై మందికి పైగా ఉన్నాం. గవర్నమెంటు ఆసుపత్రి నర్సులు, స్పిన్నింగు మిల్లు కార్మికులు, రిటైరైన హెడ్మాస్టరమ్మ, కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు, మార్టూరులో టైలరింగు చేసుకునే ఆవిడ. ఎవరింట్లోనో ఏదో ఒక పని ఎప్పుడూ ఉంటుంది. ఒక ఇంట్లో మోసం చేస్తే నలభై ఇళ్ళు పోతాయని మేస్త్రీకి తెలుసు. దయతోనో భయంతోనో కాదు, వ్యాపారంగానే ఆయన బాగా చేస్తారు. నాకు అదే కావాలి. దయ మీద నిలబడ్డ ఇల్లు ఆయన మనసు మారిన రోజున మళ్ళీ మొదటికొస్తుంది.

8 డిసెంబరు

హెడ్మాస్టరమ్మ గారింట్లో పెద్ద వాదన. మా వాట్సాప్ గ్రూపులోకి ఎవరో ఒక ప్లాట్ల ఏజెంటును చేర్చారు. అతను రాత్రికి రాత్రి అందరి నంబర్లూ తీసుకుని, ఒక్కొక్కరికీ "ఇల్లు అమ్ముతారా మేడమ్" అని మెసేజీలు పెట్టాడు. మిల్లు అమ్మాయి ఇంటికి ఎవరో వెళ్ళి తలుపు కూడా కొట్టారు. ఎవరు వెళ్ళారో తేలలేదు.

ఇది నేను మొదట్నించీ భయపడుతున్న సంగతి. ఊళ్ళో ఏయే ఇళ్ళలో ఆడవాళ్ళు ఒంటరిగా ఉంటున్నారో చెప్పే జాబితా చాలా ప్రమాదకరమైన కాగితం. అది దొంగ చేతిలో పడ్డా, వడ్డీవ్యాపారి చేతిలో పడ్డా, ఆస్తి మీద కన్నున్న బంధువు చేతిలో పడ్డా ఒకటే. ఇవాళ గ్రూపు మూసేశాం. ఇక మీదట పనివాళ్ళ జాబితా ఎవరైనా చూడొచ్చు, ఊరంతటికీ ఇవ్వొచ్చు. ఇళ్ళవాళ్ళ జాబితా మాత్రం కాగితం మీదే, నా దగ్గరొకటి, హెడ్మాస్టరమ్మ గారి దగ్గరొకటి. పనివాడికి ఒక్క ఇంటి చిరునామాయే వెళ్తుంది, అదీ ఆ ఇంటావిడ సరేనన్నాక. మొదటిసారి పనికి వచ్చే రోజున మాలో ఇంకొకరు అక్కడ కూర్చోవాలి. నర్సమ్మ ఇదంతా చాదస్తమంది. నేను ఒప్పుకోను. తాళం వేసుకోవడం ఎవరి మీదా అనుమానం కాదు.

22 డిసెంబరు, మార్టూరు దగ్గర

కౌలురైతు భార్య. పత్తి పోయి, అప్పులు పెరిగి, అతను పురుగుమందు తాగాడు. ఆమె ఉంటున్న ఇల్లు గ్రామకంఠంలో ఉంది. మామగారు కట్టిన రెండు గదులు. గ్రామకంఠం అంటే తరతరాలుగా ఉంటున్నవాళ్ళకు కూడా చేతిలో దస్తావేజు ఉండదు, ఇంటిపన్ను రసీదు ఉంటే ఉంటుంది. ఇప్పుడు స్వామిత్వ పథకం కింద డ్రోనుతో కొలిచి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన పథకం. మంచిదే. కానీ కొలతకు వచ్చిన రోజు గడపలో నిలబడి పేరు చెప్పిందెవరు? మరిది. ఆమె మిరపకోతకు వెళ్ళింది. ముసాయిదాలో రెండు గదులూ అతని పేరుతోనే వచ్చాయి.

అభ్యంతరం చెప్పుకునే గడువు ఇంకా ఉంది. ఇందిరా క్రాంతి పథం రోజుల్లో పల్లెల్లో కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చి పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా పెట్టారు. పేదల భూముల చిక్కులు మహిళా సంఘాల తరఫున వాళ్ళు తేల్చేవాళ్ళు. ఆనాటి ఒకాయన ఇప్పుడు ప్రైవేటుగా సర్వే చేసుకుంటూ ఈ పక్కనే ఉన్నారు. ఆయన్ని మాతో కలుపుకున్న రోజు నుంచి మా పని సగం తేలికైంది. అడంగల్, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పంచాయతీ రిజిస్టరు ఎక్కడ ఎలా చూడాలో నాకు నేర్పింది ఆయనే. ఇవాళ ఆమెతో కూర్చుని మామగారి పేరున ఉన్న పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషను కార్డు, భర్త మరణ ధ్రువీకరణ వరసగా పెట్టి అర్జీ రాయించారు. అర్జీ మాటలు ఆమెవే. నేను దిద్దబోతే ఆయన వద్దన్నారు. రేపు విచారణలో నిలబడి చెప్పాల్సింది ఆమె కదా.

లాయరు ఖర్చెలా అని ఆమె భయం. న్యాయసేవల అధికార సంస్థ చట్టం 1987లో వచ్చింది. దాని ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇవ్వాలి. 15100కు ఫోను చేస్తే చాలు. ఈ మాట వినగానే ఆమె "డబ్బులున్న ఆడవాళ్ళక్కూడానా అక్కా?" అని అడిగింది. అవునన్నాను. డబ్బులున్న ఇళ్ళల్లో ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో చట్టం రాసినవాళ్ళకు తెలిసే ఉంటుంది.

19 జనవరి 2025

పండక్కి అన్నయ్యలు వచ్చి వెళ్ళారు. కనుమ నాడు భోజనాల తర్వాత పెద్దన్నయ్య అన్నాడు: "నీకు మాత్రం ఎవరున్నారే? ఇల్లు మా పిల్లాడి పేరున రాసేయ్, నిన్ను వాడే చూసుకుంటాడు." ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ నిజమని నాకు తెలుసు. అయినా రాయనని చెప్పాను. వదిన మొహం మాడ్చుకుంది.

ఇవాళ మా జాబితాలోని లాయరు గారిని పిలిపించి అందరికీ ఈ ఒక్క సంగతే చెప్పించాను, ఎందుకంటే సంక్రాంతికి మాలో చాలామందికి ఇదే మాట వినిపించింది. ఆవిడ చెప్పింది ఇక్కడ రాసుకుంటాను. సెటిల్‌మెంటు దస్తావేజు రాసి రిజిస్టరు చేస్తే ఇల్లు ఆ రోజే చేతులు మారుతుంది. మనసు మారి వెనక్కి తీసుకుందామంటే కుదరదు, కోర్టుకెక్కాల్సిందే. చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాస్తే, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద అరవై దాటినవాళ్ళు ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు చేయించుకునే దారి ఉంది. వీలునామా అలా కాదు. అది మనం పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చాలు. వాళ్ళు ఆస్తి పొందేవాళ్ళు కాకూడదు, మనకంటే చిన్నవాళ్ళయితే మేలు.

వీలునామా లేకపోతే? ఇక్కడ గదంతా నిశ్శబ్దమైంది. హిందూ వారసత్వ చట్టం 1956లోని 15వ సెక్షను ప్రకారం, పిల్లలు లేని వితంతువు సొంతంగా సంపాదించినదంతా మొదట భర్త వారసులకు పోతుంది. కన్నతల్లి ఆ తర్వాతే. లాయరు గారు నారాయణీదేవి కేసు చెప్పారు. 1955లో పెళ్ళి. మూడు నెలల్లో భర్త చనిపోయాడు, అత్తవారు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసింది, నాలుగు రాళ్ళు వెనకేసింది, 1996లో వీలునామా రాయకుండా చనిపోయింది. 2009లో సుప్రీంకోర్టు ఆ డబ్బంతా ఆమెను బయటికి గెంటిన ఇంటివాళ్ళ వైపు, భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులకు ఇచ్చింది. సానుభూతితో తీర్పు ఇవ్వలేం, చట్టం ఇలాగే ఉంది అన్నారు.

హెడ్మాస్టరమ్మ గారు లేచి లోపలికి వెళ్ళి ఇంటి కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడకు పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళుగా పలకరించని మరిది కొడుకులు ఉన్నారు. "ఇవాళే రాయించండి" అన్నారు. ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇస్తూ ఈ రాష్ట్రం 1985లోనే చట్టం తెచ్చింది, దేశానికి అది 2005లో వచ్చింది. అంత ముందు నడిచిన చోట ఈ 15వ సెక్షను గురించి ఇంతమంది చదువుకున్న ఆడవాళ్ళకు ఇవాళ్టిదాకా తెలియకపోవడం నాకు కోపం తెప్పించింది. మా పనిలో మేస్త్రీ కంటే ముందు లాయరు ఉండాలి. జాబితాలో వరస మార్చాను.

30 జనవరి

ఫిబ్రవరి 1 నుంచి భూముల మార్కెట్ విలువలు పెరుగుతాయట. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు జాతర. మా దస్తావేజు లేఖరి గారు అన్నం కూడా తినలేదు. మాలో ఇద్దరి రిజిస్ట్రేషన్లు ఇవాళే అయ్యాయి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం. మహారాష్ట్రలో ఆడవాళ్ళు ఇల్లు కొంటే ఒక శాతం తగ్గిస్తారు. ఢిల్లీలో మగవాళ్ళకు 6, ఆడవాళ్ళకు 4. ఇక్కడా అడగాలి. ఎవరిని ఎలా అడగాలో మాకు తెలిసిన రిటైర్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితో మాట్లాడాలి.

2 మార్చి

యార్డు ఎర్రగా నిండి ఉంది కానీ ఎవరి మొహంలోనూ కళ లేదు. రెండేళ్ళ కిందట ఇరవై వేలు దాటిన తేజ రకం ఇప్పుడు పదకొండు వేల చుట్టూ తిరుగుతోంది. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల దాకా. కోత కూలి, మందులు, కౌలు కలుపుకుంటే ఆ ధరకి రైతుకు మిగిలేదేమిటో నేను రాసే తక్‌పట్టీల్లోనే కనిపిస్తోంది.

ఈ మైదానంలో ఇళ్ళన్నీ మిరప డబ్బుతో, పత్తి డబ్బుతో లేస్తాయి. ధర పడిన ఏడు స్లాబులు ఆగిపోతాయి. తాపీ మేస్త్రీలు, రాడ్ బెండర్లు అడ్డా మీద కూర్చుంటారు. ఇవాళ ఇద్దరు మేస్త్రీలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి, మా జాబితాలో చేర్చుకోమని, చదరానికి రేటు తగ్గిస్తామని అడిగారు. నిరుడు మేం పిలిస్తే ఫోను ఎత్తనివాళ్ళే. మావాళ్ళల్లో ఎక్కువమందివి జీతాలు, పింఛన్లు. మిరప పడిపోయినా నెల తిరిగేసరికి ఎంతో కొంత చేతికొస్తుంది. ఒంటరి ఆడవాళ్ళ చిన్న చిన్న పనులు, ఒక బాత్రూము, ఒక ప్రహరీ, ఒక వరండా, ఈ ఏడు కొందరు మేస్త్రీల ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్నాయి.

రేటు తగ్గించుకుందామా అని కూర్చుని మాట్లాడుకున్నాం. మిల్లు అమ్మాయి తగ్గిద్దామంది. ఆమె ఇబ్బంది నాకు తెలుసు. హెడ్మాస్టరమ్మ గారు, నేను వద్దన్నాం. కష్టంలో ఉన్నవాడి కూలి తగ్గిస్తే, పంట పండిన ఏడు ఆయన మన ఫోను ఎందుకు ఎత్తాలి? ఏడాది పొడుగునా ఒకటే రేటు, మిరప ఎగిరినా పడినా ఒకటే రేటు అని రాసుకుందామన్నాం. చాలాసేపటికి అందరూ ఒప్పుకున్నారు. మేస్త్రీలు ఇద్దరూ అప్పటికప్పుడే సంతకాలు చేశారు.

23 మార్చి

'పేదలందరికీ ఇళ్ళు' పథకం కాలనీకి వెళ్ళాం. 2020 డిసెంబరు 25న మొదలై, రాష్ట్రమంతా 30 లక్షలకు పైగా పట్టాలు ఆడవాళ్ళ పేర్లతో ఇచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే 48.4 గజాలు. ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షలు. ఈ ప్రభుత్వం వచ్చాక పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు ఇస్తామంటోంది. సగంలో ఆగిపోయిన ఇళ్ళకు బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించింది.

ఇంతమంది ఆడవాళ్ళ పేర్లతో ఒకేసారి స్థలాలిచ్చిన పని చిన్నది కాదు, నేను దాన్ని తక్కువ చేయను. కాలనీలో నడిచి చూస్తే మాత్రం, పునాది దగ్గరే ఆగిపోయిన వాటిలో ఎన్నో ఒంటరి ఆడవాళ్ళవి. దశ పూర్తయ్యి ఫొటో పడితేనే బిల్లు వస్తుంది. ఆ దశ దాకా తీసుకెళ్ళే డబ్బు ముందు చేతిలో ఉండాలి. మొగుడున్న ఇంట్లో అతను ఎక్కడో చేబదులు తెస్తాడు, తనూ కూలికి దిగుతాడు, సాయంత్రం పూట ఇటుకలు మోస్తాడు. ఒక్కతే ఉన్న ఆమె కూలి మానుకుని ఇంటి దగ్గర నిలబడితే ఆ పూట తిండి పోతుంది. పైగా కాలనీ పల్లపు నేల. మెరక తోలడానికే కొందరి డబ్బు అయిపోయింది.

ఆగిపోయిన ఐదిళ్ళవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాం. ఐదుగురిదీ ఒకే దశ. ఒకే ముఠాకు ఐదిళ్ళూ వరసగా అప్పజెప్పేటట్టు, ఇనుము, సిమెంటు ఒకే కొట్టులో కలిపి కొనేటట్టు మాట్లాడాం. కొట్టు ఆయన నెల గడువిచ్చారు. ఐదుగురూ వంతులవారీగా కాపలా ఉంటారు కాబట్టి ఒక్కొక్కరికీ ఐదు రోజులకు ఒక రోజే కూలి పోతుంది. ఇంజనీరింగ్ అసిస్టెంటు ఫొటోకి వచ్చే రోజు ఐదిళ్ళకూ ఒకటే. ఇందులో మేం పెట్టిన డబ్బు లేదు, పెట్టే స్తోమత కూడా లేదు. చేతిలో ఉన్న ఫోను నంబర్లు ఒకరికొకరికి కలిపాం, అంతే.

13 ఏప్రిల్

మన మేస్త్రీ ముఠాలో మాలు కలిపి అందించే ఆవిడ ఏళ్ళ తరబడి ఆ పనే చేస్తోంది. ప్లాస్టరింగు కళ్ళతోనే నేర్చుకుంది. తాపీ మాత్రం చేతికివ్వరు. తాపీ పట్టినవాడి కూలీకీ, మాలు మోసే ఆమె కూలీకీ చాలా తేడా. నర్సమ్మ తన బాత్రూము ప్లాస్టరింగు ఆమెతోనే చేయించాలని పట్టుబట్టింది. మేస్త్రీ గారు తటపటాయించారు: "పని ఆలస్యమైతే మళ్ళీ మీరే అంటారమ్మా." న్యాయమైన మాటే. చీటీలో గడువు రెండు రోజులు పెంచి రాసింది నర్సమ్మ, తాపీ పట్టిన రోజులకు తాపీ కూలీయే అని కూడా రాసింది.

ఇవాళ చూసి వచ్చాను. గోడ సమంగా వచ్చింది. జార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టడానికి ఆడవాళ్ళకే తాపీ పని నేర్పి రాణీమిస్త్రీలు అని పిలిచారు. అహ్మదాబాదులో సేవా సంస్థ వాళ్ళు 1994లో ఇళ్ళ కోసమే ఒక మహిళా ట్రస్టు పెట్టారు. మనకు అంత దూరం వెళ్ళక్కర్లేదు, మాలు మోసేవాళ్ళు ప్రతి ముఠాలో ఉన్నారు. వాళ్ళను పైకి పిలవాల్సింది ఇళ్ళు కట్టించే ఆడవాళ్ళే.

18 మే, గుంటూరు

యార్డుకు వేసవి సెలవులు. బ్రాడీపేటలో పని చూసుకుని శారదా నికేతనం వైపు నడిచాను. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో పెట్టిన ఆడపిల్లల చదువు సంస్థ. అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఆయన ఈ ఊళ్ళో వితంతువులకు శరణాలయం నడిపారు. వెళ్ళడానికి ఇల్లు లేని ఆడవాళ్ళకు అది ఇల్లయింది. ఇవాళ మా జాబితాలో ఉన్న ఆడవాళ్ళెవరికీ శరణు అక్కర్లేదు. గడప వాళ్ళదే, పన్ను వాళ్ళే కడుతున్నారు. వాళ్ళకు కావలసింది కుళాయి బిగించే మనిషి, కొలత తీసే మనిషి, కాగితం చదివే మనిషి. ఆ రోజుల్లో ఊరిని ఎదిరించి నిలబడ్డ ఆ దంపతులను తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

6 జులై

అద్దంకి నుంచి నర్సు ఒకావిడ ఫోను చేసింది. మా మార్టూరు టైలరమ్మకు చుట్టం. అక్కడా ఇలాంటిది మొదలుపెడతామని, ఎలాగో రాసి పంపమని అడిగింది. ఇవాళ మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను.

ముందు పదిమందైనా ఇళ్ళున్నవాళ్ళు చేరేదాకా ఏ మేస్త్రీతోనూ మాట్లాడవద్దన్నాను. ఇద్దరు ముగ్గురితో వెళ్తే ఆయనకు మనం మామూలు బేరమే. చేరిన ప్రతి ఒక్కరి దస్తావేజు, ఈసీ, పన్ను రసీదు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో మొదటి రోజే చూడమన్నాను. మీటరు ఇంకా మామగారి పేరునే ఉన్న ఇళ్ళు సగం తేలతాయి. ఉచిత లాయరు కోసం ఒంగోలులోని జిల్లా న్యాయసేవల సంస్థకు ముందే వెళ్ళి పరిచయం చేసుకోమన్నాను. ఇళ్ళవాళ్ళ పేర్లు ఫోన్లో పెట్టవద్దని రెండుసార్లు రాశాను. చందాలు, చీటీపాటలు ఇందులోకి రానీయవద్దన్నాను. డబ్బు ఒకచోట చేరితే దాని గురించే మాట్లాడుకుంటారు, ఇళ్ళ సంగతి వెనకబడుతుంది. భర్త ఊళ్ళో లేని ఆడవాళ్ళను చేర్చుకోవాలా అని ఆవిడ అడిగింది. మేం చేర్చుకున్నాం. హైదరాబాదులోనో దుబాయిలోనో ఉన్న భర్త బీట పడిన గోడకు అడ్డం నిలబడలేడు.

పిల్లల్లేని వితంతువులు మీలో ఎవరున్నా, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు వీలునామా రాయించండని అన్నిటికంటే పైన రాశాను. నాది వచ్చే గురువారం రిజిస్టరు చేయిస్తున్నాను, స్లాటు దొరికింది. సాక్షులుగా నర్సమ్మ, సర్వేయరు గారు వస్తున్నారు. అన్నయ్యకు ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాగితాలు జాగ్రత్తగా పెట్టుకో" అన్నాడు.

చీటీ నమూనా కూడా ఉత్తరంతో పాటు పెట్టాను. అద్దంకి వైపు పనులకు వచ్చే మేస్త్రీ నంబరు వేరే కాగితం మీద రాశాను, ఆయన్ని అడిగే రాశాను. మొదటి పని ఆయన చూసి పెడతానన్నారు. బస్సు ఖర్చులు ఇంటావిడే ఇచ్చుకోవాలి.